కడుపులో పుండు: మందుల కోర్సు ఆపి చెట్ల మందుకు మారవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. నా వయసు 44. ఇంటి ముందే చిన్న టిఫిన్ కొట్టు నడుపుతున్నాం. ఏడాదిగా కడుపులో మంట. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేస్తుంది. రెండు బిస్కెట్లు తిని నీళ్లు తాగితే సర్దుకుంటుంది. గ్యాస్ అనుకుని సిరప్ తాగుతూ వచ్చాను. ఈ మధ్య బరంపురంలో ఎండోస్కోపీ చేసి, చిన్నపేగు మొదట్లో పుండు ఉందని, బ్యాక్టీరియా కూడా ఉందని చెప్పి 14 రోజులకు నాలుగు రకాల మందులు రాశారు. ఆరో రోజుకు నోరంతా చేదు, నాలుక నల్లబడింది, విరేచనం కూడా నల్లగా అయింది. భయపడి ఆపేశాను. ఆపి మూడు రోజులైంది. ఇంగ్లీషు మందులు వేడి చేశాయని మా అత్తగారు అంటున్నారు. ఊళ్లో ఒకాయన ఇచ్చే వేరు పొడి వాడమని, పాలు, క్యాబేజీ రసం, తేనె, అతిమధురం తీసుకుంటే చాలని చుట్టుపక్కల వాళ్లు చెబుతున్నారు. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో ఇచ్చే బిళ్లలు రోజూ వేసుకుంటాను. పుండు క్యాన్సర్‌గా మారుతుందా? పిల్లలకు అంటుకుంటుందా? మార్గశిర లక్ష్మీవారాలు ఉపవాసం ఉండవచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఆ నలుపు సంగతి తేల్చుకుందాం. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు గాని ఇది ఇవాళే చూసుకోవాలి.

మీకు రాసిన నాలుగు మందుల్లో ఒకటి బిస్మత్ అయి ఉంటుంది. మీ మందుల అట్ట మీద ఆ పేరు ఉందేమో చూడండి. బిస్మత్ నోట్లోనూ పేగుల్లోనూ ఉండే గంధకంతో కలిసి నల్లటి పదార్థంగా మారుతుంది. నాలుక, విరేచనం నల్లబడేది అందువల్లే. దానివల్ల హాని లేదు, మందు ఆపిన కొద్ది రోజుల్లో రంగు దానంతట అదే పోతుంది. నోటి చేదు మెట్రోనిడజోల్ అనే ఇంకో మందు వల్ల వస్తుంది. వేడి చేయడం వల్ల వచ్చినవి కావు ఇవి. మందు రాసిన రోజే ఈ రెండు ముక్కలు మీకు చెప్పి ఉంటే మీరు ఆపి ఉండేవారు కాదు. భయపడటంలో మీ తప్పేమీ లేదు.

అయితే పుండు నుంచి రక్తం కారినా విరేచనం నల్లగానే వస్తుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, బిస్మత్ వల్ల వచ్చేది రంగులో నల్లగా ఉన్నా మామూలు విరేచనంలాగే గట్టిగా ఉంటుంది, వాసన కూడా ఎప్పటిలాగే ఉంటుంది. రక్తం కలిసినది రోడ్డుకు వేసే తారులా మెరుస్తూ, జిగటగా ఉంటుంది. నీళ్లు పోసినా ఒక పట్టాన పోదు. గది నుంచి బయటికి వచ్చాక కూడా వదలని ఒక ప్రత్యేకమైన కంపు కొడుతుంది. మీరు మందు ఆపి మూడు రోజులైంది కాబట్టి రంగు ఇప్పటికే తేలికపడుతూ ఉండాలి. అలా కాకుండా ఇంకా తారులాగే వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, ఆయాసం వస్తున్నా ఈ సమాధానం మిగతాది తర్వాత చదువుకోండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వాంతిలో రక్తం పడినా, కాఫీ పొడి కలిపినట్టు ముదురు రంగు వాంతి అయినా అంతే. ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు నొప్పి వచ్చి పొట్ట చెక్కలా బిగుసుకుపోతే పుండు పేగుకు చిల్లు పెట్టిందని అనుమానించాలి. అప్పుడు 108కి ఫోన్ చేయాలి. సోడా, వాము నీళ్లు ఏవీ నోట్లో పోయకూడదు.

ఆ లక్షణాలేవీ లేకపోతే రేపే మీ డాక్టరు దగ్గరికి వెళ్లి, లేదా ఫోన్ చేసి, ఆరో రోజున ఆపేశానని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారేమోనని దాచకండి. మిగిలిన బిళ్లల్ని మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టవద్దు. సగంలో ఆగిన కోర్సులో చావకుండా మిగిలిన బ్యాక్టీరియా ఆ మందులకు మొండికేసే అవకాశం ఉంది. అందుకని మళ్లీ మొదటి రోజు నుంచి అవే వేయాలో, మందులు మార్చాలో డాక్టరే తేల్చాలి. మన దేశంలో ఈ బ్యాక్టీరియా మెట్రోనిడజోల్‌కూ, క్లారిత్రోమైసిన్‌కూ చాలాచోట్ల లొంగడం లేదు. ఒకటి రెండు మందులతో సరిపెట్టకుండా నాలుగు రాయడానికీ, అయిదు రోజులు చాలవని 14 రోజులు రాయడానికీ కారణం అదే. ఖర్చు భారమనిపిస్తే ఒక మాట. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో 2015 నుంచి నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తున్నారు. మీకు రాసినవాటిలో ఏవేవి అక్కడ దొరుకుతాయో చీటీ చూపించి అడగండి.

ఇక అసలు ఈ పుండు ఎందుకు వచ్చింది? కారం తినడం వల్ల, టెన్షన్ వల్ల, వేళ తప్పి తినడం వల్ల అని మనందరం వింటూ పెరిగాం. డాక్టర్లు కూడా దశాబ్దాల పాటు అదే నమ్మారు. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు పుండ్లున్నవాళ్ల కడుపులో మెలికలు తిరిగిన ఒక సూక్ష్మజీవిని గుర్తించారు. అంత యాసిడ్‌లో ఏ జీవీ బతకదని ఎవరూ వాళ్లను నమ్మలేదు. చివరికి మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవిని పెంచిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి. పరీక్ష చేస్తే కడుపు లోపలి పొర వాచి ఉంది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జీవి పేరే హెలికోబ్యాక్టర్ పైలోరీ. మీ రిపోర్టులో హెచ్ పైలోరీ అని రాసి ఉంటుంది. అది తన చుట్టూ అమ్మోనియా తయారుచేసుకుని యాసిడ్ నుంచి కాపాడుకుంటుంది. కడుపు గోడను కప్పి ఉంచే జిగురు పొరలో దాక్కుని వాపు పుట్టిస్తుంది. గోడ బలహీనపడ్డ చోట యాసిడ్ తినేసి పుండు చేస్తుంది.

గ్యాస్ సిరప్ మీకు ఏడాది పాటు ఉపశమనం ఇచ్చినా జబ్బు పోలేదంటే కారణం ఇదే. చూరు కారుతుంటే కింద గిన్నె పెట్టుకున్నట్టు, అది పడ్డ యాసిడ్‌ను విరుస్తుంది, అంతకుమించి ఏమీ చేయలేదు.

రెండో కారణం మీ ఉత్తరంలో చివర్న, ఒక్క వాక్యంలో ఉంది. మోకాళ్ల బిళ్లలు. నా మటుకు నాకు ఈ ఉత్తరంలో బ్యాక్టీరియా కన్నా ఎక్కువ ఆందోళన కలిగించింది అదే. డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మందులు, ఆస్పిరిన్ కూడా, కడుపు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవకుండా అడ్డుకుంటాయి. దాంతో జిగురు పొర పలచబడుతుంది. హెచ్ పైలోరీ ఉన్న మనిషి రోజూ ఈ బిళ్లలు కూడా వేసుకుంటే పుండు పడే ప్రమాదం, అది రక్తం కారే ప్రమాదం రెండూ బాగా పెరుగుతాయి. "అన్నం తిన్నాకే వేసుకుంటున్నాను, ఏం కాదు" అని చాలామంది అంటారు. ఈ మందు రక్తంలో కలిశాకే ఎక్కువ హాని చేస్తుంది. అందుకే భోంచేసి వేసుకున్నా, బిళ్ల మానేసి ఇంజెక్షన్ చేయించుకున్నా కడుపుకు ముప్పు తప్పదు. షాపులో రెండు మూడు రకాల విడి బిళ్లలు కాగితంలో చుట్టి ఇస్తుంటే అసలు తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ కూడా ఉండవచ్చు. స్టెరాయిడ్, నొప్పి బిళ్ల కలిస్తే పుండుకు ఇంకా ప్రమాదం.

కాబట్టి ఆ బిళ్లలు ఇవాళ్టి నుంచే ఆపండి. నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఎన్ని, ఎన్నాళ్లు అన్నది డాక్టరును అడిగి. పైన రాసుకునే జెల్ కూడా బిళ్లంత హాని చేయదు. కొట్టులో కింద కూర్చుని పిండి రుబ్బడం, చట్నీ కలపడం చేస్తుంటే గట్టు మీదకి మార్చుకోండి, మోకాళ్లకు అదే సగం వైద్యం. ఇది చదివే మిగతావారికి ఒక హెచ్చరిక. గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మాత్రం ఇది చూసి సొంతంగా ఆపేయవద్దు. మీ డాక్టరును అడిగి కడుపుకు రక్షణగా ఇంకో మందు రాయించుకోండి.

ఇప్పుడు చుట్టుపక్కల వాళ్లు చెప్పినవి. వంటింటి వైద్యాన్ని నేను తీసిపారేయను. ఒక్కొక్కటీ ఏ పని చేస్తుందో, ఏది చేయలేదో తెలిసి వాడుకోవాలి.

పాలు తాగగానే చల్లగా హాయిగా ఉంటుంది, నిజమే. 1915లో అమెరికాలో సిప్పీ అనే డాక్టరు పుండ్లున్నవాళ్లకు గంట గంటకూ పాలు, మీగడ ఇచ్చే పద్ధతి పెట్టాడు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా అదే చేసింది. కానీ పాలలోని కాల్షియం, మాంసకృత్తులు కాసేపటి తర్వాత కడుపును ఇంకా ఎక్కువ యాసిడ్ ఊరేలా చేస్తాయి. అర్ధరాత్రి పాలు తాగి పడుకుంటే తెల్లవారుజామున మళ్లీ మంట లేపేది అందుకే. అలవాటుగా ఒక గ్లాసు తాగితే తప్పు లేదు, మందులా తాగవద్దు. మీ నాలుగు మందుల్లో టెట్రాసైక్లిన్ ఉంటే అది వేసుకునే వేళకు పాలు, కాల్షియం, ఐరన్ బిళ్లలు దూరంగా ఉంచాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు.

క్యాబేజీ రసం వెనక నిజంగా ఒక కథ ఉంది. 1949లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గార్నెట్ చీనీ అనే డాక్టరు 13 మందికి రోజూ దాదాపు లీటరు పచ్చి క్యాబేజీ రసం తాగించి పుండ్లు త్వరగా మానాయని రాశాడు. ఇప్పటికీ అందరూ చెప్పుకునేది దాన్నే. కానీ ఆ 13 మందితో పోల్చి చూడటానికి రసం తాగనివాళ్ల బృందం లేదు. పుండ్లు కొన్ని వాటంతట అవే మానుతుంటాయి, బ్యాక్టీరియా ఉన్నంతకాలం మళ్లీ వస్తుంటాయి. క్యాబేజీ కూర చేసుకుని తినండి. లీటరు పచ్చి రసం తాగితే ఉబ్బరంతో ఇంకో బాధ పడతారు.

అతిమధురంతో మాత్రం జాగ్రత్త. దానిలో సత్తువ లేక కాదు, ఉండబట్టే. 1960ల్లో దాని నుంచి కార్బెనాక్సొలోన్ అనే అల్సర్ మందు తయారుచేసి ఐరోపాలో వాడారు. పుండ్లు మానేవి. దానితోపాటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోయేవి, బీపీ పెరిగేది, పొటాషియం పడిపోయేది. అంతకన్నా మంచి మందులు రాగానే అది పక్కకు పోయింది. వేరును నేరుగా పొడి చేసుకుని రోజుల తరబడి తిన్నా అవే చిక్కులు రావచ్చు. బీపీ, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోకపోవడమే మేలు.

తేనె, వెల్లుల్లి ప్రయోగశాలలో గాజు పళ్లెం మీద ఈ బ్యాక్టీరియాను అణుస్తాయి, మనిషి కడుపులో దాన్ని తుడిచిపెట్టినట్టు రుజువు లేదు. పచ్చి అరటికాయ పొడి ఎలుకల్లో పనిచేసింది. పసుపు గురించి 2023లో థాయ్‌లాండ్ నుంచి మంచి పరీక్ష ఫలితాలు వచ్చాయి, యాసిడ్ తగ్గించే ఒమెప్రజోల్ అనే మందుకు దాదాపు సమానంగా పనిచేసిందని. అయితే అది పుండు లేకుండా అజీర్తితో బాధపడేవాళ్ల మీద చేసిన పరీక్ష. మీకు పుండు ఉంది. కూరల్లో వేసుకునే పసుపుకు అభ్యంతరం లేదు, పసుపు బిళ్లలు విడిగా కొనుక్కుని మందుల స్థానంలో వాడవద్దు.

నాకు పూర్తిగా నచ్చేది పెరుగు. మందుల కోర్సుతో పాటు మేలు చేసే బ్యాక్టీరియా కూడా ఇస్తే విరేచనాలు, కడుపు తిప్పడం తగ్గుతాయని, మందు కూడా కొంచెం మెరుగ్గా పనిచేయవచ్చని పరీక్షల్లో తేలింది. ఇంట్లో తోడు పెట్టిన పెరుగు, పలచటి మజ్జిగ మధ్యాహ్నం భోజనంలో తీసుకోండి, టెట్రాసైక్లిన్ వేళకు మాత్రం కాదు.

వేరు పొడి మాత్రం వద్దమ్మా. ఇచ్చేవారి మంచితనం మీద నాకు అనుమానం లేదు. అందులో ఏముందో రాసి ఉండదు, ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మందుల్ని మించి త్వరగా గుణం కనిపించే పొడుల్లో స్టెరాయిడ్‌గాని, నొప్పి మందుగాని కలిపి ఉన్న సందర్భాలు మన దేశంలో చాలా బయటపడ్డాయి. పుండు ఉన్న కడుపుకు ఆ రెండే విషం. ఆయుర్వేదం మీద మీకు నమ్మకం ఉంటే చదువుకుని రిజిస్టరైన వైద్యుణ్ణి కలిసి, ఎండోస్కోపీ రిపోర్టు చూపించి, యాంటీబయాటిక్ కోర్సు నడుస్తోందని చెప్పి సలహా తీసుకోండి.

తిండి విషయంలో మన ప్రాంతం వంట మీకు కలిసొచ్చేదే. చోడి అంబలి, ఇడ్లీ, మెత్తటి అన్నం, కూరగాయలు బాగా ఉడికిన డాల్మా హాయిగా తినండి. పఖాళ, చద్దన్నం మానాల్సిన పని లేదు. మరీ పులిసిపోయినది మంట పెడితే ఆ పూట మానండి. దాని పక్కన నంజుకునే పచ్చిమిరపకాయ, ఎండుచేప, నిమ్మకాయ ఊరగాయ దగ్గరే మీ నోటిని కొంచెం కట్టేసుకోవాలి. కారం పుండును పుట్టించదు, ఉన్న పుండును మండిస్తుంది. ఎవరికి ఏది పడదో వాళ్లకే తెలుస్తుంది, అందరికీ ఒకే పథ్యం రాసివ్వడం నాకు ఇష్టం ఉండదు. టిఫిన్ కొట్టు వాళ్లలో నేను తరచూ చూసేది ఒకటుంది. తెల్లారక ముందే లేచి, పదింటి దాకా అందరికీ వడ్డిస్తూ, వాళ్లు మాత్రం నాలుగు టీలతో గడిపేస్తారు. పొయ్యి వెలిగించిన అరగంటలో మీరు రెండు ఇడ్లీలు తినండి. మొదటి వాయి మీదే.

పొగాకు మానాలి. చుట్ట, అడ్డపొగ, బీడీ, గుడాఖు, ఏ రూపంలో ఉన్నా. పొగ తాగేవాళ్లకు పుండు ఆలస్యంగా మానుతుంది, మానినది మళ్లీ తిరగబెడుతుంది. గుడాఖుతో పళ్లు తోముకోవడం మన వైపు ఆడవాళ్లలో ఎక్కువ, దాన్ని పొగాకని కూడా అనుకోరు. మీరు రాయలేదు కాబట్టి మీకు లేదనే అనుకుంటున్నాను, మీ అత్తగారికి ఉంటే ఆమెకూ చెప్పండి. ఇప్పసారా, ఏ మద్యమైనా, పుండు ఉన్నవాళ్లకు పనికిరాదు, మెట్రోనిడజోల్ నడుస్తున్నప్పుడు అసలు ముట్టకూడదు.

మందులు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒకటి గుర్తుపెట్టుకోండి. యాసిడ్ తగ్గించే బిళ్ల, పాంటోప్రజోల్‌గాని, ఒమెప్రజోల్, రాబెప్రజోల్‌గాని, పరగడుపున, తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. తిండి పడగానే కడుపులో యాసిడ్ ఊర్చే పంపులు పనిలోకి దిగుతాయి. ఆ సమయానికి మందు రక్తంలో సిద్ధంగా ఉంటేనే వాటిని ఆపగలదు. అన్నం తిన్నాక వేసుకుంటే సగం వృథా. యాంటీబయాటిక్‌లు ఎప్పుడు వేసుకోవాలో చీటీ మీద తెలుగులోనో, ఒడియాలోనో, మీరు చదవగలిగే అక్షరాల్లో రాయించుకోండి. పెన్సిలిన్ గాని, ఇంకే మందు గాని పడదని తెలిస్తే ముందే చెప్పండి.

కోర్సు అయిపోయి మంట పోయింది కదా అని వదిలేయకండి. బ్యాక్టీరియా పోయిందో లేదో పరీక్ష చేయించాలి. చాలామంది ఇది చేయించుకోరు, రెండేళ్లకు మళ్లీ అదే మంటతో వస్తారు. యాంటీబయాటిక్‌లు అయిపోయాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి యాసిడ్ బిళ్ల కూడా, డాక్టరుకు చెప్పి, ఆపాలి, లేకపోతే ఉన్నది లేనట్టు కనిపిస్తుంది. ఊపిరి ఊది చేసే పరీక్ష, మలంతో చేసే పరీక్ష రెండూ నమ్మదగినవే. గుణుపురంలో లేకపోతే బరంపురంలోనో, విశాఖలోనో అడగండి. రక్త పరీక్షకు డబ్బు పెట్టవద్దు. బ్యాక్టీరియా పోయాక కూడా రక్తంలో దాని గుర్తులు చాలాకాలం ఉండిపోతాయి.

క్యాన్సర్ మాట. మీ పుండు చిన్నపేగు మొదట్లో ఉంది. అక్కడి పుండ్లు క్యాన్సర్ కావడం చాలా చాలా అరుదు, ఆ భయం పెట్టుకోకండి. కడుపులోనే పుండు ఉన్నవాళ్ల సంగతి వేరు. పుండులా కనిపించేదే క్యాన్సర్ అయి ఉండవచ్చు కాబట్టి వాళ్లకు ముక్క తీసి పరీక్ష చేస్తారు, రెండు మూడు నెలల తర్వాత మానిందో లేదో మళ్లీ ఎండోస్కోపీతో చూస్తారు. హెచ్ పైలోరీని మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. దాన్ని పూర్తిగా వదిలించుకోవడం అందుకు కూడా మంచిది. కారణం లేకుండా బరువు తగ్గినా, మింగడం కష్టమైనా, తిన్నదల్లా వాంతి అవుతున్నా ఆలస్యం చేయవద్దు.

పిల్లలకు అంటుకుంటుందా అంటే, ఈ బ్యాక్టీరియా ఎక్కువగా చిన్నప్పుడే ఇంట్లోవాళ్ల నుంచి, ఎంగిలి ద్వారా, శుభ్రత లేని నీళ్లు, చేతుల ద్వారా వస్తుంది. మన దేశంలో పెద్దవాళ్లలో సగం మందికి పైగా కడుపులో ఉంటుంది, వాళ్లలో ఎక్కువమందికి జీవితంలో పుండు పడదు. కాబట్టి ఏ బాధా లేని పిల్లలకు పరీక్షలు, మందులు మొదలుపెట్టవద్దు. ఎవరికైనా మంట, రక్తహీనత ఉంటే డాక్టరుకు చూపించండి. చిన్న పిల్లలుంటే మీరు నమిలి వాళ్ల నోట్లో పెట్టడం, ఒకే చెంచాతో తినిపించడం మానండి. నీళ్లు కాచి చల్లార్చి తాగండి. ఇది మీ కొట్టుకు వచ్చేవాళ్లకూ మంచిదే.

లక్ష్మీవారం ఉపవాసం ఈ ఏడాదికి నిరాహారంగా వద్దు. మీ నొప్పి ఖాళీ కడుపు మీదే వచ్చే రకం, 14 రోజుల కోర్సులో ఏ పూటా మందు తప్పకూడదు. అమ్మవారికి ముగ్గులు పెట్టి పూజ చేసుకోండి, నైవేద్యం పెట్టిన పాయసం, పండ్లు మీరూ తినండి, బిళ్ల వేళకు వేసుకోండి. మీ అత్తగారు ఒప్పుకోకపోతే ఈ సమాధానం ఆమెకు చదివి వినిపించండి.